మామూలు బడా, స్పెషల్ స్కూలా, ఇంటి దగ్గరేనా? దారి వెతుక్కుంటున్న తల్లిదండ్రులకు

బడులు తెరిచే జూన్ దగ్గరపడేకొద్దీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. "మా బాబును మామూలు బళ్లో వెయ్యాలా, స్పెషల్ స్కూల్లో వెయ్యాలా మేడమ్?" అని మండలాల్లో ఈ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో, వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుల్లో, ఫిజియో గది బయట బెంచీల మీద ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. నేను దీనికి వెంటనే జవాబు చెప్పను. ముందు ఒక లెక్క వేయిస్తాను. వారంలో ఎన్ని గంటలు, ఎవరు, మీ పిల్లవాడి పక్కన కూర్చుని, వాడి స్థాయికి తగ్గ పని చేయిస్తారు? బోర్డు మీద ఏం రాశారు, ఫీజెంత, ఏసీ గదులున్నాయా అన్నవన్నీ ఆ తర్వాత.

లెక్క వేశాక చాలామంది కాసేపు మాట్లాడరు. లక్షలు కట్టిన బళ్లో ఆ గంటలు సున్నా అని తేలుతుంది. "గవర్నమెంటు బడే కదా" అని తీసిపారేసిన చోట ఓపికున్న ఒక్క టీచరమ్మ వల్ల వారానికి ఐదారు గంటలు వస్తుంటాయి. అందుకే కింద చెప్పే దారులన్నిటినీ నేను ఈ లెక్కతోనే తూస్తాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఇవి ఒకదాన్ని పట్టుకుంటే మరొకటి వదిలేయాల్సిన దారులు కావు. ఊరి బళ్లో పేరుండి, భవితకు వెళ్తూ, నెలకోసారి పట్నంలో థెరపిస్టుకు చూపించుకునే పిల్లలు ఎంతోమంది ఉన్నారు.

కాగితాలు కావాలి, కానీ వాటికోసం బడి ఆపకండి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బళ్లోగానీ, తమకు నచ్చిన స్పెషల్ స్కూల్లోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. "నచ్చిన" అన్న మాట చట్టంలోనే ఉంది. కాబట్టి "ఇలాంటి పిల్లలు మా దగ్గర కుదరరు, స్పెషల్ స్కూలుకు తీసుకుపోండి" అని ఏ హెచ్‌ఎం అన్నా, అది ఆయన అభిప్రాయం మాత్రమే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా వివక్ష లేకుండా చేర్చుకోవాల్సిందే.

సర్టిఫికెట్ కోసం ఏపీలో సచివాలయంలో సదరం స్లాట్ అడగండి. తెలంగాణలో దివ్యాంగుల గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ మీద వేసే శాతం పెన్షన్‌కు, బస్ పాస్‌కు, స్కాలర్‌షిప్‌కు పనికొస్తుంది. పాఠానికి మాత్రం పెద్దగా పనికిరాదు. 75 శాతం అని రాసిన ఇద్దరు పిల్లల్లో ఒకరు సొంతంగా అన్నం తిని, చొక్కా గుండీలు పెట్టుకుని, అడిగింది తెచ్చిస్తారు. రెండోవారికి బాత్రూమ్‌కు వెళ్లాలన్నా మనిషి కావాలి. ఇద్దరికీ ఒకే బడి ఎలా సరిపోతుంది? బడి ఎంచుకోవాలంటే పిల్లవాడు ఏం చేయగలడు, ఏది సాయంతో చేస్తాడు, ఏది ఇంకా రాదు అని రాసిచ్చే అంచనా కావాలి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని నీపిడ్, అంటే పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఈ పని చేస్తుంది. దాని కింద నెల్లూరులో ప్రాంతీయ కేంద్రమైన సీఆర్‌సీ ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల లోపాలను తొందరగా గుర్తించే డీఈఐసీ కేంద్రాల్లోనూ అడగొచ్చు.

చదవడం, రాయడం, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది ఉన్న పిల్లలకు, అంటే డిస్‌లెక్సియా లాంటివి ఉన్నవాళ్లకు, ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. అంతవరకు ఏమీ చేయకూడదని కాదు. సాయం ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఊరి ప్రభుత్వ బడి, తోడుగా భవిత

ఎక్కువమందికి అందుబాటులో ఉన్న దారి ఇదే. అంతే ఎక్కువగా అపార్థాలకు గురయ్యేదీ ఇదే.

భవిత కేంద్రం అంటే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండల స్థాయిలో నడిచే చిన్న వనరుల కేంద్రం. సాధారణంగా ఏదో ఒక పెద్ద బడి ఆవరణలోనే ఉంటుంది. గదిలో ప్యారలల్ బార్లు, ఒక నిలువుటద్దం, ఒళ్లు నిలవని పిల్లల్ని కూర్చోబెట్టే సీపీ చైర్లు, పూసలు గుచ్చే బోర్డులు, గోడకు రంగుల బొమ్మలు కనిపిస్తాయి. ఐఈఆర్‌పీ అని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. నిర్ణయించిన రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. కాలిపర్లు, వినికిడి యంత్రాలు, వీల్‌చైర్ల కోసం పెట్టే నిర్ధారణ శిబిరాల సమాచారం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. పరికరాలు చాలావరకు కాన్పూర్‌లోని అలిమ్‌కో సంస్థ నుంచి వస్తాయి. అర్హత ఉన్నవారికి రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంటాయి. డబ్బు కొన్నిసార్లు ఏడాది చివర్లో పడుతుంది. బ్యాంకు ఖాతా, ఆధార్ లింకు ముందే సరిచూసుకోండి.

బలహీనత కూడా దాచుకోను. ఒకరో ఇద్దరో ఐఈఆర్‌పీలు మండలం మొత్తం చూసుకోవాలి. కేంద్రానికి వచ్చే పిల్లలు, ఇంటి దగ్గరే ఉండే పిల్లలు, బళ్లలో చదివే పిల్లలు, వీటికి తోడు సర్వేలు, యాప్‌లో ఎంట్రీలు. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 1,016 పోస్టులు పెట్టారు. అయినా మీ మండలంలో ఈ జూన్‌కు ఎంతమంది ఉన్నారన్నదే మీకు అక్కరకొచ్చే సంగతి. వెళ్లి కనుక్కోండి.

ఇక క్లాసు టీచరు. నిజానికి ఈ దారిలో గంటలు పెరగడం, తగ్గడం ఆమె చేతుల్లోనే ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప సంగతి చెబుతాను. రెండో తరగతి. అక్షరాలు రావు, మాట స్పష్టంగా ఉండదు. టీచరమ్మ రోజూ ఉదయం హాజరు పట్టీ ఆ పాప చేతికిచ్చి హెచ్‌ఎం గదికి పంపేది. మొదట్లో పాప వరండాలోనే ఆగిపోయేది. పక్క పిల్ల తోడు వెళ్లేది. దసరా సెలవులయ్యాక ఒక్కతే వెళ్లి, పట్టీ ఇచ్చి, "గుడ్ మార్నింగ్ సార్" లాంటిదేదో అని, సంతకం అయ్యేదాకా నిలబడి తిరిగొచ్చేది. దారి గుర్తుపెట్టుకోవడం, మనిషిని పలకరించడం, ఆగడం, వస్తువు జాగ్రత్తగా తేవడం, నాలుగూ అందులోనే ఉన్నాయి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇలాంటి టీచరు ఉన్న బడిని, ఎంత చిన్నదైనా సరే, దూరపు పెద్ద బడి కోసం వదులుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

అదే టీచరు "వాణ్ని వెనక కూర్చోబెట్టండి, గొడవ చేయకుండా ఉంటే చాలు" అనే మనిషైతే, ఆ బళ్లో గడిచే ఆరు గంటల్ని లెక్కలోకి తీసుకోకండి. అది కాపలా కిందికి వస్తుంది, చదువు కిందికి రాదు.

ప్రైవేటు బడి

సీబీఎస్‌ఈ అనుబంధ బళ్లలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్నది నిబంధన. కాబట్టి అడ్మిషన్ కౌంటర్లో "ఉన్నారు" అనే చెబుతారు. ఆవిడను కలుస్తామని అడగండి. కలిశాక, ఎంతమంది పిల్లల్ని చూస్తున్నారు, మా బాబుకు వారంలో ఎన్ని పీరియడ్లు ఇస్తారు అని అడగండి. కొన్నిచోట్ల ఆమె మధ్యాహ్నం దాకా మామూలు క్లాసులకే సబ్‌స్టిట్యూట్‌గా తిరుగుతుంటుంది.

కొన్ని బళ్లు పిల్లవాడి పక్కనే కూర్చుని సాయపడే షాడో టీచరును మీరే పెట్టుకోవాలంటాయి. జీతం మీదే. ఆ అమ్మాయికి శిక్షణ ఉండకపోవచ్చు. పిల్లవాడి బదులు తనే రాసేసే షాడో ఉంటే నష్టమే. పిల్లవాడు టీచరు ముఖం చూడ్డం మానేసి ఈమె ముఖమే చూస్తాడు. షాడోను పెట్టుకుంటే, ఏ పనుల్లో ఆమె పక్కకు తప్పుకోవాలో కూడా మొదటి నెలలోనే రాసుకోండి.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లలో వైకల్యం ఉన్న పిల్లలకూ వాటా ఉంది. ఏపీలో ఒకటో తరగతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పిలుస్తారు. అనాథలు, హెచ్‌ఐవీ బాధిత, దివ్యాంగ పిల్లలకు కలిపి మొత్తం సీట్లలో 5 శాతం ఉంటుంది. తెలంగాణలో ఈ 25 శాతం ఏళ్ల తరబడి కాగితాల మీదే నడిచింది. దాని మీద ఆశ పెట్టుకుని ఏడాది పోగొట్టుకోవద్దు.

స్పెషల్ స్కూలు: ఏ వైకల్యానికి అన్నదాన్ని బట్టి

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే "స్పెషల్ స్కూలు" అన్న ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని బడులున్నాయి.

ముందుగా వినికిడి. చిన్నప్పుడే చెవి లోపల వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయి, తర్వాత మాట శిక్షణ గట్టిగా జరిగి, వాక్యాలు వస్తున్న పిల్లలకు మామూలు బడే మంచిది. ముందు వరస, టీచరు ముఖం కనబడేలా సీటు, గోల తక్కువున్న గది ఉంటే నెట్టుకొస్తారు. కానీ ఆరేళ్లు వచ్చినా ఏ భాషా అందని పిల్లవాణ్ని మామూలు బళ్లో కూర్చోబెడితే రోజంతా కదిలే పెదాల్ని చూస్తుంటాడు. అలాంటివాడికి సైగల భాష ఉన్న బధిరుల బడి కావాలి, అదీ త్వరగా. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర బధిరుల పాఠశాల, హైదరాబాద్ మలక్‌పేటలోని ప్రభుత్వ బధిరుల పాఠశాల, బాపట్లలోని ఆశ్రమ పాఠశాల చాలామందికి తెలిసినవే. "సైగలు నేర్పితే మాట రాదు" అని కొందరు భయపెడతారు. భాషే లేకుండా గడిచే ఏళ్లు అంతకంటే భయపడాల్సినవి. సైగల భాషను 2021 నుంచి జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్ సెకండరీ స్థాయిలో ఒక సబ్జెక్టుగా కూడా పెట్టింది.

చూపు విషయంలో ఒక గీత గీసుకోవాలి. కొంత చూపు మిగిలిన పిల్లల్ని అంధుల బడికి పంపడం తొందరపాటు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో తక్కువ చూపుకు విడిగా పునరావాస విభాగం ఉంది. అక్కడ చూపించి, భూతద్దమో, పెద్ద అక్షరాల పుస్తకమో, వెలుతురు సరిచేయడమో చాలేమో తేల్చుకోండి. చూపు పూర్తిగా లేని పిల్లలకు మాత్రం మొదటి నాలుగైదేళ్లు అంధుల పాఠశాలలో గడవడమే మేలని నా అభిప్రాయం. బ్రెయిలీ, కర్రతో నడక, పూసలతో లెక్కలు చేసే అబాకస్, తన పనులు తాను చేసుకోవడం అనేవి రోజూ చేస్తేనే వస్తాయి. మండలంలో వారానికోసారి వచ్చే టీచరు వల్ల అవి రావు. హైదరాబాద్‌లోని దేవనార్ అంధుల పాఠశాల లాంటి చోట్ల ఇంగ్లిష్ మీడియంలోనే చదువుకోవచ్చు. ఈ పునాది పడ్డాక హైస్కూలుకు మామూలు బడికి మారొచ్చు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల విషయంలో జరిగే అన్యాయం చూస్తే నాకు కోపం వస్తుంది. కాళ్లు, చేతులు బిగుసుకుపోయి, మాట ముద్దగా వచ్చే పిల్లవాడికి తెలివి మామూలుగానే ఉండొచ్చు. నోట్లోంచి చొంగ కారుతోందని చూసి మేధో వైకల్యం ఉన్న పిల్లల బళ్లో వేసేస్తారు. అక్కడ వాడికి పూసలు గుచ్చమని ఇస్తారు. ముందు తెలివిని సరిగా అంచనా వేయించండి, అదీ మాటతో పనిలేకుండా చూపు, వేలు, బొమ్మలతో జవాబు చెప్పే పద్ధతిలో. తెలివి బాగుంటే మామూలు బడే. ర్యాంపు, కింది అంతస్తులో తరగతి, సరైన కుర్చీ, రాయలేకపోతే వాడి బదులు రాసే స్క్రైబ్ అడగండి.

మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో వైకల్యం స్వల్పంగా ఉన్నవారికి కనీసం ఐదో తరగతి దాకా ఊరి బడి, భవిత కలిపి నడపడం మంచిది. ఆటలు, మాటలు, కొట్లాటలు తోటి పిల్లల దగ్గరే వస్తాయి. మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవారికి రోజూ ఇంటికి తిరిగొచ్చే స్పెషల్ స్కూలు దగ్గర్లో ఉంటే అదే మేలు. మంచి స్పెషల్ స్కూల్లో పిల్లల్ని ప్రీ-ప్రైమరీ, ప్రైమరీ, సెకండరీ, ప్రీ-వొకేషనల్ (పనులు నేర్చుకోవడానికి ముందు దశ) అని వయసు, సామర్థ్యం బట్టి విడదీస్తారు. అందర్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టి రంగులు వేయిస్తుంటే అనుమానించండి. నీపిడ్ సొంతంగా నడిపే ప్రత్యేక విద్యా కేంద్రం, సికింద్రాబాద్‌లో స్వీకార్, విశాఖలో లెబెన్‌షిల్ఫె, కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రం, అనంతపురం జిల్లాలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ బడులు ఇలా ఎన్నో ఉన్నాయి. పేరు విని చేర్చకుండా, ఒక పూట కూర్చుని చూసి చేర్చండి.

ఆటిజంకు ఒకే సూత్రం చెప్పలేను. శబ్దం భరించలేని పిల్లవాడికి అరవై మంది ఉన్న తరగతి నరకం. పదిహేను మంది ఉన్న ఊరి బళ్లో అదే పిల్లవాడు నిమ్మళంగా ఉంటాడు. ఇక చదవడం, రాయడంలో మాత్రమే ఇబ్బంది ఉన్న పిల్లల్ని స్పెషల్ స్కూలుకు పంపే ప్రసక్తే లేదు.

దూరం లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడేళ్ల బాబు, మధ్యస్థ స్థాయి మేధో వైకల్యం. మండల కేంద్రంలో ఉంటారు. మొదటి దారిలో ఊరి బడి, వారంలో రెండు పూటలు భవిత. భవితలో ఆరు గంటలు, బళ్లో టీచరు మంచిదైతే మరో రెండు, మూడు గంటలు. రెండో దారిలో ముప్పై కిలోమీటర్ల దూరంలో స్పెషల్ స్కూలు, రోజుకు ఐదు గంటల చొప్పున వారానికి పాతిక. పాతికే పెద్దదిగా కనిపిస్తుంది. కానీ వ్యాన్ ఊళ్లన్నీ తిరిగి వెళ్లాలి, రానూపోనూ రోజుకు మూడు గంటలు. ఇంటికొచ్చేసరికి బాబు సోలిపోయి ఉంటాడు, తల్లి చేయించాల్సిన పని ఆగిపోతుంది. అక్కడ ఒక టీచరుకు పదిమంది పిల్లలుంటే, పాతిక గంటల్లో మీ వాడి చెయ్యి పట్టుకుని చేయించేది ఎంత? ఈ రెండిట్లో ఏది మంచిదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ ఇలా కాగితం మీద వేసి చూసుకున్నవాళ్లు, ఇరుగుపొరుగు మాట విని చేర్చినవాళ్లకంటే నిబ్బరంగా ఉంటారు.

హాస్టల్ ఉన్న బడి అయితే, ముఖ్యంగా ఆడపిల్లలైతే, రాత్రి ఎవరు ఉంటారు, బాత్రూమ్‌కు ఎవరు తీసుకెళ్తారు, మొగవాళ్లు ఏ గదుల దాకా వస్తారు అని సిగ్గుపడకుండా అడగండి. చెప్పకుండా ఏ రోజైనా వచ్చి చూడొచ్చా అని అడగండి. "ఆదివారమే రావాలి" అంటే అక్కడ చేర్చకండి.

ఇంటి దగ్గర చదువు

మంచం దిగలేని, బయటికి తీసుకెళ్లడం నిజంగా కష్టమైన పిల్లలకు చట్టమే ఈ వీలు కల్పించింది. పేరు బళ్లో ఉంటుంది, ఐఈఆర్‌పీ వారంలో ఒక రోజు ఇంటికొస్తారు. ఆ గంట పిల్లవాడికంటే అమ్మకే పాఠం అనుకోండి. ఎలా కూర్చోబెట్టాలి, ముద్ద ఎలా పెడితే పొలమారదు, కీళ్లు బిగుసుకోకుండా ఏం చేయాలి, ఇవన్నీ నేర్చుకుని మిగతా ఆరు రోజులు చేస్తేనే ఫలితం. బడికి వెళ్లగలిగిన పిల్లల్ని కూడా "హోమ్ బేస్డ్" అని రాసేసి చేతులు దులుపుకోవడం చూశాను. నడవలేకపోవడం ఒక్కటే కారణమైతే ఒప్పుకోకండి. వీల్‌చైర్, ఎస్కార్ట్ భత్యం అడగండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లను నెలసరి భయంతో ఇంట్లో కూర్చోబెట్టేముందు, ప్యాడ్ మార్చుకోవడం నేర్పమని భవిత టీచరును అడగండి. అది కూడా పాఠమే, చాలామందికి వస్తుంది.

థెరపీ సెంటర్ బడి కాదు

పట్నాల్లో ఇప్పుడు వీధికో థెరపీ సెంటర్. సెషన్ నలభై ఐదు నిమిషాలు, ఐదారు వందల నుంచి వెయ్యి దాటి కూడా తీసుకుంటారు. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ అవసరమైన పిల్లలకు అవి కావాల్సిందే. కానీ బడి మాన్పించి రోజంతా సెంటర్లో ఉంచమంటే, నెలనెలా ప్యాకేజీ అంటే, ఫలానా నెలల్లో మామూలు అయిపోతాడంటే లేచి వచ్చేయండి. స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య ఉండాలి. గోడ మీద సర్టిఫికెట్ ఉంటే సంఖ్య రాసుకుని ఆ మండలి వెబ్‌సైట్లో చూసుకోండి. సెషన్ జరుగుతుంటే లోపలికి రానివ్వని సెంటర్ మీకు పనికిరాదు. లోపల ఏం చేస్తున్నారో చూడకపోతే ఇంట్లో మీరేం చేయిస్తారు?

ఇక్కడే భాష సంగతి కూడా. మాట ఆలస్యమైన పిల్లవాడితో ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని కొందరు సలహా ఇస్తున్నారు. నాయనమ్మ, తాతయ్య, పక్కింటి పిల్లలు అందరూ తెలుగు మాట్లాడే ఇంట్లో "కమ్, సిట్, ఈట్" అంటూ మూడు ముక్కలు నేర్పితే, వాడితో మాట్లాడేవాళ్లు ఇద్దరికి తగ్గిపోతారు. ఇంటి మాటే ముందు రానివ్వండి. బళ్లో మీడియం ఇంగ్లిష్ అయినా, రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగు పేజీ తెరిచి చదివించండి.

అమెరికా నుంచి తిరిగొచ్చే తెలుగు కుటుంబాలకు ఒక మాట. అక్కడ ఐడియా అనే ప్రత్యేక విద్యా చట్టం కింద 3 నుంచి 21 ఏళ్ల దాకా ఐఈపీ, అంటే ఆ పిల్లవాడికంటూ వేసే చదువు ప్రణాళిక, రాసివ్వడం, అమలు చేయడం బడి బాధ్యత. అడగడం మీ హక్కు. ఇక్కడ ఐఈపీకి ఆ బలం లేదు, టీచరు మనసును బట్టి నడుస్తుంది. అయినా అక్కడి ఫైలు పారేయకండి. ఇక్కడి టీచరుకు అంతకంటే మంచి పరిచయం ఉండదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ముందు బాత్రూమ్ చూడండి. తడి, వాసన, తలుపు, పట్టుకునే రాడ్. అది చూస్తే సగం తెలిసిపోతుంది. తర్వాత పిల్లల ఐఈపీ ఒకటి, పేరు కప్పేసైనా సరే, చూపించమని అడగండి. "సంఖ్యలు నేర్చుకుంటాడు, ప్రవర్తన మెరుగుపడుతుంది" అని రాసి ఉంటే అది ఏ పిల్లవాడికైనా రాయొచ్చు. అదే "దీపావళి లోపు పది రూపాయల నోటు గుర్తుపట్టి, ఎదురు కొట్టుకు వెళ్లి, బిస్కెట్ ప్యాకెట్ అడిగి తెస్తాడు, ఐదు సార్లలో నాలుగు సార్లు సాయం లేకుండా" అని ఉంటే, ఆ రాసిన మనిషికి పిల్లవాడు తెలుసు. మీ వాడికీ అలాంటివి మూడు రాయమనండి, ఎక్కువ వద్దు. మూడు నెలలకోసారి కూర్చుని చూడమనండి.

బడి చేర్చుకోనంటే నోటిమాటతో వెనక్కి రాకండి. దరఖాస్తు రాసిచ్చి రసీదు అడగండి. కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. చాలాసార్లు ఆ కాగితం అడగ్గానే సీటు దొరుకుతుంది. దొరక్కపోతే ఎంఈవో, జిల్లా సమగ్ర శిక్షలో సహిత విద్య చూసే అధికారి, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్.

డబ్బు

ఏపీలో దివ్యాంగుల పెన్షన్ 2024లో 6,000 రూపాయలైంది, తీవ్ర వైకల్యాలకు ఇంకా ఎక్కువ. తెలంగాణలో 2023లో 4,016 అయింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది. థెరపీకి కూడా అందులో కొంత పరిమితి వరకు వస్తుంది. అయినా చాలామంది తీసుకోరు, పేరే వినలేదంటారు. 9, 10 తరగతుల వారికి కేంద్ర ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకూడదు. పాత పద్ధతిలో ఆదాయపన్ను కట్టేవారికి వైకల్యం ఉన్న పిల్లల పోషణ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు వస్తుంది.

తొమ్మిదో తరగతి దగ్గర మళ్లీ ఆలోచించండి

ఎనిమిదో తరగతి దాకా ఎలాగో సాగిపోయే చదువు తొమ్మిదిలో బిగుసుకుంటుంది. అప్పుడు మూడు దారులు. మామూలు టెన్త్ రాయగలిగితే స్క్రైబ్, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, కేటగిరీని బట్టి భాషలో మినహాయింపు అడగొచ్చు. వీటికి హెచ్‌ఎం ద్వారా ముందే దరఖాస్తు పెట్టాలి, హాల్ టికెట్లు వచ్చాక పరుగెత్తితే కాదు. ఒకేసారి ఆరు సబ్జెక్టులు మోయలేని పిల్లలకు ఓపెన్ స్కూల్ మంచిది. ఏపీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి, జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే చేరొచ్చు, ఐదు సబ్జెక్టులు చాలు. ఐదేళ్లలో విడివిడిగా రాసుకోవచ్చు. డిస్‌లెక్సియా పిల్లలకు ఇది నిజంగా ఊపిరి పీల్చుకునే దారి. ఇంటర్, డిగ్రీ తర్వాత ఉన్నత చదువుల్లో 5 శాతం రిజర్వేషన్ కూడా ఉంది కాబట్టి, చదవగలిగినవాళ్లను మధ్యలో ఆపొద్దు.

పరీక్షలు కుదరని పిల్లలకు, పద్నాలుగు వచ్చాక కూడా అ ఆలు దిద్దించడం ఆపేయండి. వంట, బట్టలు మడవడం, కవర్ల తయారీ, తోటపని, కొట్లో సాయం లాంటి పనుల వైపు మళ్లించే ప్రీ-వొకేషనల్ విభాగం ఉన్న బడికి మార్చే వయసు అదే. మామూలు బడిలోనే ఉంచాలన్న పట్టుదల ఈ దశలో పిల్లవాడికి మేలు చేయదు.

పదిహేడు నిండినప్పుడు ఇంకో పని ఉంటుంది. పద్దెనిమిది దాటితే తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌షిప్ ఉత్తర్వు ఇస్తుంది. వైకల్య సర్టిఫికెట్, వయసు రుజువు, ఫోటోలు సిద్ధంగా పెట్టుకుని పుట్టినరోజు దాటగానే దరఖాస్తు పెట్టండి. బ్యాంకులో వాడి పేరు మీద ఖాతా నడపాలన్నా, ఆస్తి కాగితం మీద వాడి తరఫున సంతకం పెట్టాలన్నా అడిగేది ఆ ఉత్తర్వునే.